కిటికీ వైపు నడిచిన వదిన

నాకు మరుపు తక్కువ. ఇది మంచి గుణం కాదని మా ఆయన ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాడు. ఆ మాట మొదటిసారి ఎక్కడ, ఎవరి ముందు అన్నాడో కూడా నాకు గుర్తుంది.

ఆష్‌బర్న్‌లో మా వీధి చివరింట్లో ఉండేది వదిన. చుట్టరికం ఏమీ లేదు, ఒకరినొకరం అలా పిలుచుకునేవాళ్లం, అంతే. ఇద్దరికీ ఒకే ఏడాది ఈ దేశపు సిటిజన్‌షిప్ వచ్చింది. ఇద్దరం కలిసే పార్టీ కౌంటీ కమిటీలో చేరాం; కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఫోన్లలో మ్యాపులు ఇంకా రాని రోజులు. శనివారాలు తను డ్రైవ్ చేసేది, నేను ఓటర్ల జాబితా పట్టుకుని దిగి తలుపులు తట్టేదాన్ని. కుక్కలున్న ఇళ్లకి మాత్రం ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం.

అలా ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో చైర్మన్ నా పేరు ఒక్కసారీ సరిగ్గా పలకలేదు. పార్టీ పత్రికలో పడిన ఒకే ఒక్క ఫోటోలో నా ముఖానికి ఎవరిదో భుజం అడ్డం వచ్చింది. మీటింగులకి సమోసాలు మాత్రం నేనే తేవాలి.

కౌంటీ బోర్డులో మా నియోజకవర్గం సీటు ఖాళీ అయినప్పుడు నేను నిలబడతానన్నాను. పార్టీలో చేరి ఏడాదైనా నిండని ఒక లాయరు కూడా నిలబడతానన్నాడు. అప్పటికే కమిటీ రెండు ముక్కలుగా ఉంది: పడమట గుర్రాల ఫారాల వైపు పాతవాళ్లు, ఇటు కొత్త కాలనీల్లో మేము. లాయరు పాతవాళ్ల మనిషి. చైర్మన్ ప్రతి మీటింగులోనూ ఐక్యత గురించి మాట్లాడేవాడు. మాట్లాడుతున్నంతసేపూ నా వైపే చూసేవాడు.

అభ్యర్థిని ఎంచుకునే సభ ఒక మిడిల్ స్కూల్ భోజనాల హాల్లో పెట్టారు. గుమ్మం దగ్గర బల్ల మీద ఒక కాగితం. ఎవరు గెలిచినా వాళ్ల కోసమే పనిచేస్తానని సంతకం పెట్టాలి. పెట్టాను.

నా కోసం మనవాళ్లు నలభై మంది వచ్చారు. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. హాలు చూసి నా కళ్లు చెమర్చాయి. బల్ల దగ్గర ఓటరేనా అని అడిగేసరికి తెలిసింది, వాళ్లలో ఓటున్నవాళ్లు పదకొండు మందేనని. మిగతా అందరూ వీసాల మీదో, గ్రీన్‌కార్డుల మీదో ఉన్నారు. తప్పు నాదే. పిలిచింది నేను. కానీ మన వాళ్లని "మీకు సిటిజన్‌షిప్ వచ్చిందా?" అని ఎలా అడుగుతాం? రాని వాళ్ల మొహం చూడలేం. పిల్లల మార్కులు అడుగుతాం, జీతం అడుగుతాం, ఆ ఒక్కటీ అడగం.

"ఏం పర్లేదండీ, చూడ్డానికొచ్చాం అనుకుంటాం," అని ఒకాయన నవ్వుతూ ప్రేక్షకుల కుర్చీల్లో కూర్చున్నాడు. మిగిలినవాళ్లూ కూర్చున్నారు.

ఓటంటే చీటీలు కాదు. లాయరు కావాలనేవాళ్లు కిటికీల వైపు, నేను కావాలనేవాళ్లు గోడ వైపు నిలబడాలి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. వదిన లేచింది, చీర సర్దుకుంది, కిటికీల వైపు నడిచింది. వెనకే అన్నయ్య, అంటే వాళ్లాయన. పొరపాటున వెళ్లిందనుకుని చెయ్యి ఊపాను కూడా. తను నేల వైపు చూస్తోంది.

మూడు ఓట్లతో ఓడిపోయాను. వాళ్లిద్దరూ ఇటు నిలబడి ఉంటే ఒక్క ఓటుతో గెలిచేదాన్ని.

పార్కింగ్‌లో వదినని పట్టుకుని ఎందుకలా చేశావని అడిగాను.

"పార్టీ చీలిపోతుందన్నారు వదినా. ఈసారికి ఆయన, వచ్చేసారి నువ్వు అన్నారు."

"ఎవరన్నారు?"

"చైర్మన్."

"నాతో అనలేదేం?"

"నువ్వు ఒప్పుకోవని."

"అడిగి చూశారా? నువ్వు అడిగావా?"

"నీతో మాట్లాడ్డం కష్టం వదినా," అంది. ఏడుస్తూనే అంది. ఆ మాట నిజమే కావచ్చు. అయినా ఆరేళ్లు నా పక్కన కూర్చుని కారు నడిపిన మనిషి అనాల్సిన మాట కాదు.

నవంబరులో ఎన్నిక రోజు వాన. సంతకం పెట్టాను కాబట్టి పోలింగ్ బూత్ బయట నిలబడి, లాయరు పేరున్న నమూనా బ్యాలెట్లు పంచాను. మాట తప్పిందని నన్ను ఎవరూ అనకూడదు. నాకు జోడీగా చైర్మన్ వేసింది వదినని. గంటల తరబడి ఒకే టెంటు కింద నిలబడ్డాం, చెరో చివర.

మధ్యాహ్నం ఒక పెద్దాయన గొడుగు ముడుస్తూ వచ్చాడు. ఎప్పుడో గుళ్లో చూసిన ముఖం. ఈమధ్యే సిటిజన్ అయ్యాడట, మొదటి ఓటట.

"మనమ్మాయి నిలబడుతోందని చెప్పారమ్మా. నువ్వేనా? నీ పేరు ఎక్కడుంది, వేలు పెట్టి చూపించు," అన్నాడు కాగితం చాచి.

లాయరు పేరు మీద వేలు పెట్టాను. "ఇక్కడ వేయండి బాబాయిగారూ."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ఆ పేరు కూడబలుక్కుని చదివాడు. "ఇది నువ్వు కాదుగా?" అన్నాడు.

"కాదండీ. మా పార్టీయే."

సరేనని తలూపి లోపలికి వెళ్లాడు. వదిన నా వైపు తిరిగింది. ఫ్లాస్కులోంచి టీ వంపి ఇచ్చింది. "తీసుకో వదినా, చలిగా ఉంది," అంది.

వద్దన్నాను. తను ఆ కప్పు పట్టుకుని అలాగే నిలబడింది, చాలాసేపు. మరుసటి ఏడాది వాళ్లు దేశం ఆ చివర చాండ్లర్‌కి మారిపోయారు. లారీలో సామాను ఎక్కిస్తుంటే మేడ మీద నుంచి చూశాను. దిగి వెళ్లలేదు.