ఫ్యాను హోరు

పాత వ్యాను పెద్దాయన రోజూ పొద్దున్నే ఇంజను స్టార్టు చేసి, కిందికి దిగి, మూసిన బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటాడు. ఇంజనును చల్లబరుస్తూ దానితో పాటే బెల్టు మీద తిరిగే ఫ్యాను హోరు వింటే గానీ ఆయనకు టీ గొంతు దిగదు. కరెంటు ఫ్యాను మాటెత్తితే ఇంతెత్తున లేస్తాడు. "అది కొత్తల్లుడి లాంటిది, బుద్ధి పుడితేనే కదులుతుంది. ఇది అలా కాదు, ఇంజను లేచిందంటే తనూ లేవాల్సిందే." నడుము పట్టేసినప్పటి నుంచి బానెట్ ఎత్తి చూసే పని మాత్రం మెకానిక్కైన కూతురికి వదిలేశాడు.

ఆ రోజు పక్కింటాయన తన పాత కారుకు ఏ ఫ్యాను వేయించాలో అడగడానికి వచ్చాడు. పెద్దాయన వ్యాను స్టార్టు చేసి, "ఆ హోరు విను, నీకే తెలుస్తుంది" అన్నాడు. పక్కింటాయన చెవి రిక్కించి, ఏమీ అర్థం కాక బానెట్ ఎత్తాడు. "బాబాయ్, ఇందులో బెల్టు ఫ్యాను లేదే. ఉన్నది కరెంటుది. అదీ ఇంజను ఇంకా వేడెక్కక ఇప్పుడు తిరగడం లేదు."

పెద్దాయన పక్కనే పని చేసుకుంటున్న కూతురి వైపు చూశాడు. ఆమె చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది. "ఎండలు ముదరకముందే మార్చేశాను నాన్నా. పాతదాని రెక్క పగిలింది. చెబితే ఒప్పుకోరు కదా. అయినా మర్నాటికే మీరు కనిపెట్టేస్తారనుకున్నాను."

"మరి నేను రోజూ వింటున్నదేంటే?"

ఆయన సీటు మీదికి వంగి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. చేతి కింద అదురు ఆగిపోయింది.

చెవుల్లో హోరు మాత్రం ఆగలేదు.