విమానం పోయేదాకా

ఈ యాప్ కాకుంటే ఆ యాప్, ఫోన్ డేటా కాకుంటే ఇంట్ల వైఫై, అన్నీ మార్చి చూసిన. ఏది పెట్టినా నిజామాబాద్‌ల ఉన్న మా చెల్లె సరోజ "అన్నా, నీ బొమ్మ ఆగిపోయింది" అని కాల్ కట్ చేస్తనే ఉంది. రోజు మొత్తంల నాతోని మాట్లాడేది ఆమె ఒక్కతే.

అందుకే ఈ రోజు శంషాబాద్ పోయి, వీడియో కాల్‌కు ఏది మంచిదని ఫోన్ల దుకాణం యాదగిరిని అడిగిన. ఆయన నాకు వీడియో కాల్ చేసి, రోడ్డు అవతలికి పోయి నిలబడ్డడు. మాటల మధ్యల నెత్తి మీదికెళ్లి విమానం పోయింది.

"బాపూ, నెట్ మంచిగనే ఉంది. నువ్వే ఫొటో లెక్క ఆగినవు!"

నిజమే. ఎయిర్‌పోర్ట్ పక్కనున్న మా తొండుపల్లిల విమానం పోతుంటే ఎవరమైనా మాట ఆపి ఎట్లున్నోళ్లం అట్లనే ఉంటం, మోత తగ్గినంక ఆపిన కాడికెళ్లే అందుకుంటం. పెండ్లిల పంతులు గూడ మంత్రం ఆపుతడు. మా ఆవిడ బతికున్నప్పుడు మా కొట్లాటలు సగం గట్లనే చల్లారినయి.

సాయంత్రం చెల్లెకు వీడియో కాల్ చేసి చెప్పిన.

"గిన్ని రోజులు ఉత్తగనే నెట్‌ను తిట్టిన గదా అన్నా! ఇగ నువ్వు ఆగు, నేను కట్ చెయ్య."

అంతల్నే విమానం వచ్చింది. నేను ఆగిన. చెల్లె నా మొఖమే చూసుకుంట కూసుంది. నన్ను ఎవరన్న గంతసేపు చూసి ఎన్నేండ్లయిందో! విమానం పోయినంక గూడ జరసేపు కదలకుండనే ఉన్న.

మీరు గిసొంటి దొంగాట ఎన్నడన్న ఆడిండ్రా? చెప్పుండ్రి.