లంకలో ఉండిపోయిన నా చూపు

నా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మూఢం వచ్చిందంటే ఊరంతా ఉసూరుమనేది, నేనొక్కదాన్నే సంబరపడేదాన్ని. మూఢంలో పెళ్లిళ్లుండవు. పెళ్లిళ్లు లేకపోతే ధవళేశ్వరంలో ఫోటో స్టూడియో నడుపుతున్న మా బాబాయికి పనుండదు. పని లేని రోజుల్లో ఆయన పొద్దు కాస్త వాలగానే కెమెరా మెడలో తగిలించుకుని, సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని కాలవగట్టు వెంట బయలుదేరేవాడు.

పెళ్లిళ్లకు తీసిన రీళ్ల చివర మిగిలిపోయిన ఫిల్ముతో ఆయన తనకు నచ్చినవి తీసుకునేవాడు. లాకుల మీంచి నీళ్లలోకి దూకే పిల్లలు. ఎండబెట్టిన మామిడి ముక్కలకు కాపలా కూర్చుని తానే ఒక ముక్క నోట్లో వేసుకుంటున్న ముసలమ్మ. ముంజలోని నీళ్లు ముఖం మీదికి చిమ్మితే ఉలిక్కిపడ్డ పెద్దమనిషి. ఫిల్ము దండగ చేయకూడదు కనుక చాలాసార్లు కెమెరాలోంచి కాసేపు చూసి, నొక్కకుండానే దించేసేవాడు. అదేంటి బాబాయ్ తీయలేదేమని అడిగితే, “చూశాం కదే, చాలదూ?” అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఇప్పుడు మా మనవలు ఫోనుతో పెసరట్టుకు కూడా పది ఫోటోలు తీస్తుంటే అంతకంటే ఎక్కువ మండుతోందనుకోండి.

నాకు పదేళ్లప్పుడు ఒక సాయంత్రం కాలవగట్టు మీద బాతుల మంద ఎదురైంది. కాపరి కర్రతో అదిలించగానే అవన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ కాలవలోకి దిగాయి. బాబాయి వాటిని తీస్తాడనుకున్నాను. ఆయన వాటికి వీపు పెట్టి, నా ముఖానికి దగ్గరగా వచ్చి నన్ను తీశాడు. తరవాత ఆ ఫోటో చూసుకుని మురిసిపోయాను. నేను అందగత్తెనేమీ కాదు, కానీ అందులో నా కళ్లు ఎంత బాగున్నాయో చెప్పలేను. ఆ రెండు కళ్ల నిండా సంతోషమే ఉంది.

తరవాత కొన్నాళ్లకు లంక నుంచి ఒక పడవవాడు వచ్చి బాబాయికి కబురు చెప్పాడు. గోదావరి మధ్యనున్న ఆ లంకలో చేపలు పట్టుకునే వాళ్లింట జ్వరం వచ్చి ఒక పిల్ల పోయింది. ఆ రోజుల్లో బతికుండగా ఫోటో తీయించుకోవడానికి చాలామంది ఒప్పుకునేవారు కాదు, ఆయుష్షు తగ్గుతుందని భయం. తీరా మనిషి పోయాక, గుర్తుగా ఏమీ లేదని తెలిసి, ఫోటో తీసేవాడి కోసం పరుగెత్తేవారు. పోయినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, తల దువ్వి, ఫోటో తీసేవారు. కళ్లు మూసుకున్న బొమ్మను గోడకు పెట్టుకోవడం ఎవరికీ మనసొప్పదు కదా, అందుకని బాబాయి తరవాత ఆ ఫోటో మీద సన్నటి కుంచెతో తెరిచిన కళ్లు గీసేవాడు. ఆయన ఎవరికి గీసినా అవే కళ్లు వచ్చేవి. ధవళేశ్వరం చుట్టుపక్కల పోయినవాళ్లంతా ఒక తల్లి బిడ్డల్లాగే ఉంటారని మా నాన్నమ్మ ఎగతాళి చేసేది.

ఆ రోజు బాబాయి నన్ను ఇంట్లో దించేసి వెళ్తానంటే నేను ఏడ్చి గోల చేసి పడవెక్కాను. అక్కడ నన్ను దూరంగా కూర్చోమన్నారు గానీ, కనపడనే కనపడింది. నా ఈడు పిల్లే. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. తల వాలిపోకుండా వాళ్లమ్మ వెనక నిలబడి భుజం పట్టుకుంది. ఆవిడ ఏడవడం లేదు. కూతురి ముందుజుట్టు ఒకటే సవరిస్తోంది. బాబాయి ఎప్పుడూ కెమెరాలోంచి తీరిగ్గా చూసే మనిషి, ఆ రోజు గబగబా నొక్కేసి ముఖం తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆయన కుంచె పట్టుకుని రోజుల తరబడి కూర్చున్నాడు. గీయడం, చింపెయ్యడం. చిన్నపిల్లకు ఆ ఒకే రకం కళ్లు పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదట. ఒక మధ్యాహ్నం నేను బాతుల రోజు ఫోటో మళ్లీ చూసుకుందామని స్టూడియోలో పెట్టె తెరిచాను. ఫోటో దొరికింది. అందులో నా ముఖం ఉంది, కళ్లు లేవు. బ్లేడుతో కోసిన రెండు కన్నాలున్నాయి, వాటిలోంచి కింద నా బొటనవేలు కనపడుతోంది. తలెత్తాను. ఎదురుగా తీగకు ఆరేసిన కొత్త ఫోటోలో ఎర్ర రిబ్బన్ల పిల్ల కుర్చీలో కూర్చుని, నా కళ్లతో, నా సంతోషంతో, తిన్నగా నన్నే చూస్తోంది.

నేను పెట్టిన కేకకు పక్క కొట్టువాళ్లు కూడా వచ్చారు. ఆ రోజు మొదలు కళ్లు మూసుకోవాలంటే భయం, తెరవాలంటే భయం. మూస్తే ఆ పిల్ల కళ్లు తెరుస్తుందనిపించేది. అన్నం సహించలేదు. నాన్నమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసి, బాబాయి మీద విరుచుకుపడింది.

“బతికున్న పిల్ల కళ్లు తీసి పోయినదానికి పెడతావట్రా? ఆ ఫోటోకి వాళ్లు దండ వేస్తే ఎవరికి వేసినట్టు? పోయి వెనక్కి పట్టుకురా!”

అప్పటికే ఆయన దానికి అద్దం కట్టించి వాళ్లకిచ్చి వచ్చాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాటన్నాడు. “నీ కళ్లు, నీ ఇష్టం. నిన్నడక్కుండా తీసుకోవడం నాదే తప్పు. రేపు వెళ్దాం. నువ్వు ఇచ్చెయ్యమంటే తెచ్చేసుకుందాం.”

మర్నాడు పడవలో నేను అడగాల్సిన మాటలు లోలోపల వల్లె వేసుకుంటూనే ఉన్నాను. అవి నా కళ్లండి, నాకిచ్చేయండి. అంతే, ఎంతసేపు పడుతుంది. బాబాయి గుమ్మం దగ్గరే ఆగి, వలకు చిరుగులు కుట్టుకుంటున్న ఆ ఇంటాయనతో మాటల్లో పడ్డాడు. నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను.

మట్టిగోడ మీద ఉంది ఫోటో. బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. వాళ్లమ్మ నన్ను చూసింది, ఫోటోను చూసింది, మళ్లీ నన్ను చూసింది. దగ్గరకొచ్చి నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకేసి తిప్పింది. ఆవిడ చేతికి చేపల వాసన.

“నువ్వా తల్లీ. ఎవరియ్యో అని రోజూ అనుకుంటన్నాను.”

నాకేమీ అర్థం కాలేదు. ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది.

“మా బుల్లికి మెల్లకన్నమ్మా. ఎడం కన్ను ముక్కుకేసి సూసేది. నన్ను సూత్తంటే గోడకేసి సూత్తన్నట్టుండేది. బాబుగారికేం తెలుసు పాపం, కళ్లు మూసేసాకే గదా ఆరు సూసింది. ఫోటో ఇప్పగానే ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఒక్కళ్లం మాటాళ్లేదు. ఎండలో పడవెక్కి, అంత ముచ్చటపడి తెచ్చారు. ఇది మా పిల్ల సూపు కాదండి అని ఏ నోటితో అంటాం?”

నేను వల్లె వేసుకొచ్చిన మాటలన్నీ ఎక్కడికో పోయాయి. ఏడుపొచ్చేసింది. ఎందుకొచ్చానో నేను చెప్పలేదు గానీ, ఆవిడ నా ముఖంలోనే చదువుకుంది. పీట వేసుకుని ఎక్కి ఫోటో దించింది. దండ తీసి పక్కన పెట్టి, అద్దం పైట చెంగుతో తుడిచి నా చేతుల్లో పెట్టింది.

“భయవేసిందేంటమ్మా? పట్టుకెళ్లిపో. నీయి నువ్వు పట్టుకెళ్తే తప్పేంటి?”

దగ్గరగా చూస్తే అప్పుడు కనపడింది. ఆ పిల్ల భుజం మీద నాలుగు వేళ్లున్నాయి. వాళ్లమ్మవి. కూతుర్ని ఆవిడ ఆఖరిసారి పట్టుకున్నది ఆ ఫోటోలోనే ఉంది. నేను పట్టుకెళ్లిపోతే నా కళ్లతోపాటు ఆ చెయ్యి కూడా వచ్చేస్తుంది. ఇంత ఆలోచన అప్పుడే వచ్చిందని చెప్పను. ఆ వేళ్లు చూడగానే ఫోటో బరువెక్కిందని మాత్రం బాగా గుర్తు.

తిరిగి ఆవిడకే ఇచ్చేశాను. ఏదో ఒకటి మాట్లాడాలి కనుక, ఈ ఫోటో తీసినప్పుడు నేను బాతుల్ని చూస్తున్నానని చెప్పాను.

“బాతులా!” అని ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “మా బుల్లికి బాతులంటే సచ్చేంత బయ్యవమ్మా.” అంటూనే నవ్వేసింది. ఆ నవ్వుతోనే ఏడుపు మొదలైంది. అన్నాళ్లకు అప్పుడే ఏడ్చిందట ఆవిడ, తరవాత ఎవరో చెప్పగా విన్నాను. వచ్చేటప్పుడు వాకిట్లోకి రాకుండానే నా చెయ్యి పట్టుకుని, “బాబుగారితో అనకు తల్లీ, ఆరి మనసు కట్టపడతాది,” అంది.

పడవలో బాబాయి నీళ్లకేసి చూస్తూ అడిగాడు. ఇవ్వనందా అని. నేనే వద్దన్నానని చెప్పాను. ఫోటో ఎలా ఉందందని అడిగాడు. ఆ అడగడంలో పరీక్ష రాసి వచ్చిన పిల్లాడి బెదురుంది. అచ్చం వాళ్లమ్మాయిలాగే ఉందన్నదని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. చెప్పాక నాకు భయం పోయిందా అంటే పోలేదు. అది వేరే దారి పట్టింది, బాబాయికి నిజం ఎప్పుడు తెలిసిపోతుందోనని.

బాబాయి బతికినంత కాలం తాను చేసిన పనులన్నింటిలో ఆ ఫోటోయే గొప్పదని చెప్పుకునేవాడు. పోయిన పిల్లకు ప్రాణం పోశానని స్టూడియోకు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. నేను ఆ పక్కనే కూర్చుని తలూపేదాన్ని. ఆయన పోయాడు. ఆ తల్లీ పోయి ఉంటుంది. లంకలో ఆ ఇళ్లున్న వైపంతా ఏటేటా గోదావరి కోసుకుపోయిందని విన్నాను. ఫోటో ఏమైందో తెలియదు. ఏ గోడ మీదో ఇంకా ఉంటే, అందులో నా కళ్లకింకా పదేళ్లే.

నాకు శుక్లాలు తీసి చాలా కాలమైంది. ఎవరైనా ఎంతో ఇష్టంగా నాకు నప్పనిదేదో తెచ్చి, ఎలా ఉందని నా ముఖంలోకి చూస్తే, ఆ ఇంట్లో నోరు విప్పని మనుషులందరూ గుర్తొస్తారు. చాలా బాగుందంటాను. అది అబద్ధమని నాకెప్పుడూ అనిపించదు. కానీ ఆ రోజు నాతో వచ్చినది అదొక్కటే కాదు. ఆ పిల్ల అసలు చూపు ఏ ఫోటోలోనూ లేదు. అది ఎలా ఉండేదో తెలిసిన బయటిమనిషిని నేనొక్కదాన్నే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక్కోసారి అద్దం ముందు నిలబడి, ఎడమ కన్ను ముక్కువైపు తిప్పాలని చూస్తాను. నాకు చేతకాదు. రెండు కళ్లూ తిన్నగానే చూస్తాయి.