మార్తమ్మగారి గులాబీలకు కత్తెర

ఈ ఉదయం గులాబీ కొమ్మలు కత్తిరించి, కోసిన చోటల్లా ఆవుపేడ పూశాను. పచ్చి కొమ్మ వాసనా పేడ వాసనా కలిసి ముక్కుకు తగలగానే మార్తమ్మగారు పక్కన నిలబడ్డట్టే అనిపించి ఒళ్లు జలదరించింది. ఏటా ఉండేదే.

యాభైల చివర్లో బందరులో ఆవిడ ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నా తొలి బిడ్డ నెల తిరగకుండానే పోయింది. పాలు మాత్రం ఇంకలేదు. తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆయన బతిమాలాడు, కసిరాడు, చివరికి తనే ఏడ్చాడు. నాకు బతకాలని లేదు, అంతే.

మార్తమ్మగారు భర్త పోయిన మనిషి, చర్చికి తప్ప గడప దాటరు. పెరట్లో ఆవిడ గులాబీలు కిటికీ ఎత్తు పెరిగి, ముళ్లతో పెనవేసుకుపోయి, పువ్వన్నది లేకుండా ఉండేవి. పొద్దుగూకితే పనిమనిషి కూడా అటు వెళ్లేది కాదు. ఒక మధ్యాహ్నం ఆవిడ కత్తెర తెచ్చి నా మంచం మీద పెట్టారు.

"లేమ్మా. కొమ్మలు కొయ్యాలి."

"నా వల్ల కాదండీ."

"నా వల్లా కాలేదు. అందుకే అలా తయారయ్యాయి. లే."

విసుక్కుంటూనే వెళ్లాను. ఎండు పుల్లలు తీసేశాను. లావుపాటి పచ్చి కొమ్మకు కత్తెర వేశానో లేదో, పొదలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. నా పాప ఏడుపే. రవిక పాలతో తడిసిపోయింది. కత్తెర కొమ్మకే వదిలేశాను.

మార్తమ్మగారు నా రవిక వంక చూసి, "నీకూ ఏడుస్తోందా?" అన్నారు మెల్లగా.

"మీకూ వినపడుతోందా అండీ?"

"నాకు మా పిల్లాడు ఏడుస్తాడు. వాడు పోయిన దగ్గర్నుంచీ కత్తెర వేస్తే చాలు. వినలేక ఆపేసేదాన్ని. చెట్లు పాడయ్యాయి, వాడూ ఊరుకోలేదు. నువ్వు ఆపకు. ఊరుకోబెడుతూ కొయ్యి."

"అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూ, నేనూ ఏడుస్తూ, పొదలు కురచ మోళ్లయ్యేదాకా కోశాను. ఆవిడ వెనకాలే పేడ పూస్తూ వచ్చారు. ఆ పూట ఆవిడ కలిపి పెట్టిన చారన్నం తిన్నాను. క్రిస్మస్‌కి మోళ్ల నిండా మొగ్గలు. మొదటి పువ్వులు ఇద్దరం సమాధుల తోటకు పట్టుకెళ్లాం.

మా ఆయనకు గుడివాడ బదిలీ అయినప్పుడు ఆవిడ కొమ్మలు తడిగుడ్డలో చుట్టిచ్చి, "ఏటా కొయ్యి" అన్నారు. మళ్లీ పిల్లలు పుట్టారు, పెరిగారు. నేను ఏటా కోస్తూనే ఉన్నాను, పాప ఏటా ఏడుస్తూనే ఉంది. మార్తమ్మగారు పోయారని కబురొచ్చిన ఏడు మాత్రం, కత్తెర వేయగానే రెండు గొంతులు వినపడ్డాయి. రెండోది మగపిల్లాడిది, కాస్త బొంగురు. భయం వేసింది, ఎందుకు వేయదు? కానీ వాడికి మాత్రం ఇంకెవరున్నారు? అప్పట్నుంచీ ఇద్దర్నీ ఊరుకోబెడుతూ కోస్తున్నాను.