మూడో గేరు ఎక్కని కారు

శ్రావణమాసంలో రెండో గురువారం, పొద్దున పదిన్నర. ఆ కారు మా షెడ్డు గేటు దాటి లోపలికి వచ్చిన సమయం అది. అప్పుడు నేను హన్మకొండ సుబేదారిలో ఒక కార్ల సర్వీసు షెడ్డులో హెడ్ మెకానిక్‌ని. హెడ్ మెకానిక్ అంటే పెద్ద కుర్చీ ఏమీ ఉండదు. పైన వర్క్స్ మేనేజరు, కింద మెకానిక్కులు, మధ్యలో ఇద్దరి చేతా మాట పడేవాడు హెడ్ మెకానిక్. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాడిని. సొంపుగా రాయడం రాదు, ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

వచ్చింది చిన్న కారు, పాతది, మూడు గేర్ల ఆటోమేటిక్. ఇప్పటి ఆటోమేటిక్ కార్లలో గేరు ఎప్పుడు మార్చాలో కంప్యూటర్ చెప్తుంది. ఆ పాతవాటిలో కంప్యూటర్ లేదు, గేర్ బాక్సులో తిరిగే నూనె ఒత్తిడే ఆ పని చేయాలి. క్లచ్ పెడల్ ఉండదు కాబట్టి నడిపేవాళ్ల ఎడమ కాలికి పనే లేదు. ఆ కారు నడుపుకుంటూ వచ్చిన స్వరూపకు అదే కావలసి రావడం అందుకే. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు పడిపోయింది. కొత్తవాడలో నేసిన జంపఖానాలు డిక్కీలో వేసుకొని, తానే నడుపుకుంటూ పోయి ఊరూరా దుకాణాలకు ఇచ్చి వచ్చేది. వెనక సీట్లో ఆమె తండ్రి కొమురయ్య ఉన్నాడు. జంపఖానాలు నేసి నేసి నడుము వంగిన మనిషి.

“కాకా, రెండో గేరు దాక మంచిగనే పోతాంది. మూడోది ఎక్కుమంటె ఇంజను ఒర్రుతాంది. ఒర్రి ఒర్రి ఒక్కపారి దబ్బున తంతది, లేకుంటె ఎక్కనే ఎక్కది. గేర్ బాక్స్ పోయింది, తుక్కుకెయ్యుమన్నరు బయట. నువ్వు గూడ గదే అంటవా?” అంది స్వరూప.

“సచ్చిందో బతికిందో నాడి పట్టకుంట ఎట్ల చెప్త బిడ్డా? జర సూడనియ్యి.”

“ఇది పోతే మళ్ల ఎవ్వలి బండెనకనో కూసోవాలె నేను. గదొక్కటి నాతోని కాదు కాకా.”

కంటతడి పెట్టలేదు. ధర చెప్పినట్టు చెప్పింది. కొత్త ఆటోమేటిక్ కొనే తాహతు ఆ ఇంటికి లేదు. ఆ మోడలుకు గేర్ బాక్స్ ఎక్కడా దొరకదు. లోపల పోయింది పెద్దదైతే స్వరూప కారు నడపడం ఆనాటితో సరి.

ముందు నూనె చూశాం. ఇంజను నూనెను బండి ఆపి చూస్తాం. గేర్ బాక్స్ నూనె అలా కాదు. బండి వేడెక్కి ఉండాలి, చదునైన చోట నిలబడాలి, ఇంజను నడుస్తుండగానే గేరు కాడను అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి రావాలి. అప్పుడే డిప్‌స్టిక్ బయటికి తీసి, తుడిచి, మళ్లీ ముంచి కొలత చూడాలి. నేను చేయి పెట్టేలోపే కొమురయ్య బానెట్ దగ్గరికి వచ్చాడు.

“గదంత నాకెరుకే తమ్మీ. వారం వారం నేనే సూస్త” అని, జేబులోంచి గుప్పెడు మగ్గం వేస్టు తీసి, డిప్‌స్టిక్ తుడిచి నాకు చూపించాడు. నేసేటప్పుడు తెగి మిగిలిన నూలు పోగులు అవి. మా ఊళ్లో ఏ షెడ్డులో చూసినా చేతులు తుడుచుకోవడానికి బస్తాలో అవే ఉంటాయి. మాకది వింతగా తోచలేదు.

నూనె కొలత సరిగ్గా ఉంది. రంగు ఎర్రగానే ఉంది, మాడిన వాసన లేదు. లోపల గేర్లను పట్టే ప్లేట్లు కాలిపోతే నూనె నల్లబడి, అడుగంటిన కూర వాసన వస్తుంది. ఆ వాసన లేకపోవడం మొదటి మంచి మాట.

మా వర్క్స్ మేనేజరు విజయ్ సారు నాకంటే చాలా చిన్నవాడు. డిప్లొమా చదివాడు. ఆటోమేటిక్ విషయంలో నాకు గురువు ఆయనే. కారును స్వరూపనే నడపమన్నాడు. రోజూ తొక్కే కాలితోనే జబ్బు బయటపడాలని ఆయన లెక్క. నేను ముందు కూర్చున్నాను, ఆయన, కొమురయ్య వెనక కూర్చున్నారు. ఖిలా వరంగల్ దాకా పోయేసరికి కారు బాగా వేడెక్కి, మూడో గేరు అసలు ఎక్కడం మానేసింది.

విజయ్ సారు వెనక నుంచి ఒక్కొక్క అనుమానాన్నీ కొట్టేస్తూ వచ్చాడు. ఒకటి నుంచి రెండుకు వేళకు మారుతోంది, కాబట్టి వేగాన్ని కొలిచే గవర్నర్ బాగుంది. పెడల్ నుంచి గేర్ బాక్సుకు పోయే కేబుల్ బిగుసుకుంటే రెండో గేరు కూడా ఆలస్యం కావాలి, అదీ లేదు. ఇక మిగిలినవి రెండే. మూడో గేరు ప్లేట్లన్నా అరిగి ఉండాలి, ఆ ప్లేట్లకు నూనె వదిలే వాల్వన్నా ఇరుక్కొని ఉండాలి. ప్లేట్లయితే కారు తుక్కే. ఆ రకం గేర్ బాక్సులో మూడో గేరును పట్టే ప్లేట్లే రివర్సునూ పడతాయి. అవి అరిగితే రివర్సులో ఎత్తు ఎక్కదు.

“మట్టికోట ఎత్తు మీదికి రివర్సులో పోనియ్యమ్మా” అన్నాడు.

స్వరూప మెడ తిప్పి వెనక్కి చూస్తూ కారును ఎత్తు మీదికి ఎక్కించసాగింది. మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఆగిపోయాడు.

“ఏం బిడ్డా, కోట మీదికి ఎనకకు పోతానవ్?”

“ముందుకు పోతె మారాం జేస్తాంది తాతా!”

ఇంజను అరవలేదు, కారు జారలేదు. ఎత్తు చివరిదాకా పట్టుగా ఎక్కింది. విజయ్ సారు ముందు సీటును చేత్తో చరిచి, “ప్లేట్లు బతికే ఉన్నయి” అన్నాడు. స్టీరింగ్ మీద బిగుసుకున్న స్వరూప వేళ్లు వదులయ్యాయి.

షెడ్డుకు వచ్చి, చల్లారాక నూనె వంపి, గేర్ బాక్సు అడుగు పళ్లెం విప్పాం. ఆ పని మా మెకానిక్ యాకూబ్‌ది. పళ్లెంలో అయస్కాంతం ఉంటుంది. దానికి సన్నని బూడిదలాంటి పొడి అంటుకుంది, అది మామూలే. ఇనుప పెళ్లలు లేవు. పైన నూనెను వడకట్టే తీగ జల్లెడ మీద మాత్రం పీచు ఉంది. పచ్చది, నీలంది. అయస్కాంతం ఇనుమును పడుతుంది కానీ నూలును పట్టదు కదా.

“కొమురన్నా, కారు లోపట గూడ జంపఖానా నేస్తానవా ఏంది?” అన్నాడు యాకూబ్.

కొమురయ్య ఆ పీచును వేళ్ల మధ్య నలిపి చూశాడు. రంగు చూసి మగ్గం చెప్పగల మనిషి. “మా దారమే” అన్నాడు. డిప్‌స్టిక్ తుడిచిన ప్రతిసారీ దానికంటుకున్న పోగు లోపలికి పోయింది. ఎక్కువ భాగం జల్లెడ మీద ఆగింది. నిలువుగా వచ్చినవి కన్నాల్లోంచి దూరిపోయాయి.

తర్వాత వాల్వ్ బాడీ దించాం. అన్ని వాల్వులూ ఉండే అల్యూమినియం దిమ్మ అది. నేను వందల గేర్ బాక్సులు విప్పినవాడిని, కానీ అవన్నీ చేత్తో మార్చే గేర్లు. వాల్వ్ బాడీ రెండు సగాలుగా విడిపోవడం చూడడం అదే మొదటిసారి. అరచేయి కంటే కొంచెం పెద్దది. అందులో కాలువలు, కాలువల్లోంచి పిల్ల కాలువలు, మలుపు మలుపుకూ ఒక గుండు, ఒక స్ప్రింగు. మా నాయిన ఊళ్లో చెరువు కింద నీరటి. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో, ఏ తూము ఎప్పుడు మూయాలో ఆయన చూసుకునేవాడు. ఇక్కడ నీరటి లేడు. నూనే పారుతుంది, నూనే తూము తీస్తుంది, నూనే మూస్తుంది.

విజయ్ సారు ఒక ఉక్కు కడ్డీని చూపించాడు, మూడో గేరు వాల్వ్ అదే. చిటికెన వేలంత ఉంది. దానికి ఒక వైపు నుంచి చక్రాల వేగం నూనెతో తోస్తుంది. రెండో వైపు నుంచి నడిపేవాళ్ల కాలు తోస్తుంది. వేగం గెలిస్తే కడ్డీ జరిగి మూడో గేరుకు దారి తెరుచుకుంటుంది. కాలు గట్టిగా తొక్కితే దారి మూసుకుంటుంది. చక్రానికీ మనిషి కాలికీ పంచాయితీ తీర్చే ఆ కడ్డీకి కళ్లు లేవు, చెవులు లేవు. అన్నేళ్లు చేతులు నల్లగా చేసుకున్నవాడిని, ఆ దిమ్మను రెండు చేతులతో పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను.

“అన్నా, పట్టుకొనే ఉంటవా, దండం పెడ్తవా?” అని యాకూబ్ అంటే కదిలాను.

పరీక్ష సులువే. దిమ్మను నిలువుగా పడితే కడ్డీ తన బరువుకు తానే జారి కింద పడాలి. మిగతావన్నీ పడ్డాయి. మూడో గేరు కడ్డీ పడలేదు. నెమ్మదిగా తోసి తీశాం. దాని నడుముకు చుట్టుకొని ఒకే ఒక పచ్చ పోగు ఉంది. ఊదితే ఎగిరిపోయేటంతది. అంత బండిని అది ఆపింది.

కొమురయ్య మొహం నల్లబడింది. “నా బిడ్డ బండికి నేనే అడ్డం పడ్డనా తమ్మీ” అన్నాడు.

“నువ్వు సూడకపోతే అండ్ల నూనె ఎన్నడో ఎండిపోతుండె నాయినా” అంది స్వరూప. “ఇగ దుకాణాలల్ల చెప్త, మా దారం కారును గూడ ఆపుతదని.”

కాలువలన్నీ కడిగి, గాలి కొట్టి, ఆరబెట్టి, తిరిగి బిగించేసరికి సాయంత్రమైంది. కొత్త నూనె పోసి, మళ్లీ స్వరూపనే నడపమన్నాం. ఖిలా వరంగల్ దాకా పోయి కారు వేడెక్కినా మూడో గేరు ఎక్కింది. ఎక్కినట్టు కూడా తెలియలేదు, ఇంజను గొంతు కొంచెం తగ్గింది, అంతే. ఆమె పెడల్ వదిలి, మళ్లీ తొక్కి, ఇంకోసారి ఎక్కించి చూసుకుంది. ఆ తర్వాత మాకు చెప్పకుండానే ఇంకో చుట్టు తిప్పింది. ఎవరమూ వద్దనలేదు.

నేను నేర్చుకున్నది ఇది. పాడైన గేర్ బాక్సులో ముందు పని చేసేవాటిని గుర్తుపట్టాలి. అవి తేలితే పని చేయనిది తానే మిగులుతుంది. పోయింది అనే మాట పళ్లెం విప్పకముందు అనకూడదు. తుడిచే గుడ్డ కూడా పనిముట్టే. మరునాటి నుంచి మా షెడ్డులో మగ్గం వేస్టు చేతులకూ నేలకూ మాత్రమే వాడాం. గేర్ బాక్సు దగ్గర పోగు ఊడని ఉతికిన నైలాన్ గుడ్డ పెట్టాం. ఒకటి కొమురయ్యకూ ఇచ్చాం.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: వర్క్స్ మేనేజరు విజయ్ సారు, మెకానిక్ యాకూబ్, జంపఖానాల కొమురయ్య, హెడ్ మెకానిక్ ఐలయ్య అనే నేను, కారు నడిపిన స్వరూప.