పదకొండు ఆయుధాలూ ఒక తలుపు గడియా

ఆ రోజుల్లో మాకు పాఠాలు లేవు, పరీక్షలు లేవు, రోషం మాత్రం మనిషికి మణుగు చొప్పున ఉండేది. అరవై తొమ్మిదిలో ఉద్యమం రాజుకుని పట్నంలో కాలేజీలన్నీ మూతపడ్డాయి. మెహదీపట్నంలో నాతోపాటు ఒకే గదిలో కిరాయికి ఉండే స్నేహితుడు జెండా పట్టుకుని వెళ్ళి జైల్లో కూర్చున్నాడు. నేనూ వెళ్ళాను. మొదటి ఊరేగింపులోనే లాఠీలు లేచేసరికి ఒక చెప్పు ఈ సందులో, రెండో చెప్పు ఆ సందులో వదిలేసి గదికి వచ్చి పడ్డాను. (రెండూ పోయాయి కనుక నా త్యాగంలో లోపమేమీ లేదని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను.) మూడో రోజు మా బాపు వచ్చి, ఒక్క మాట అనకుండా నా ట్రంకుపెట్టె ఎత్తుకుని బస్సెక్కాడు. చేవెళ్ళలో దిగి మా ఊరు ఆలూరు తోవ పట్టాక మాత్రం, "నువ్వు జైలుకు పోతే నాకు ఫికర్ లేకుండెరా. చెప్పుల్లేకుండ ఉరికినవని చెప్పిన్రు, గదే జర కష్టమనిపిచ్చింది" అన్నాడు.

పందొమ్మిదేళ్ళవాడికి ఆ మాట చాలు, ఏదో ఒక ఘనకార్యం చేసి తీరాలనిపించడానికి. ఊళ్ళో చేయడానికి ఏముంది? కాలేజీ మూతపడే ముందు మా చరిత్ర లెక్చరరు మమ్మల్ని మ్యూజియానికి తీసుకువెళ్ళి, తల్వార్లు, బరిసెలు ఉన్న గదిలో నిలబెట్టి, పాత ఇనుము తన వయసు తానే చెబుతుందనీ, వినే చెవి ఉండాలనీ అన్నాడు. ఆ చెవి నాకు ఉందని నేను అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. ఇక మా ప్రాంతంలోని పాత ఆయుధాలన్నీ వెదికి, గుర్తుపట్టి, పోగుచేసి, కాలేజీ తెరిచేనాటికి ఆయన ముందు పరచాలని బయలుదేరాను. గుర్తుపట్టడానికి నేనే ఒక పద్ధతి కనిపెట్టాను. తుప్పు ఎంత ఎక్కువైతే వస్తువు అంత పాతది. గోటి మందం తుప్పుకు వందేళ్ళు, పెచ్చులు ఊడితే మూడు వందలు, పట్టుకుంటే చేతిలో పొడి రాలితే సూటిగా కాకతీయుల కాలం. ఇదంతా ఒక నోటుబుక్కులో కొలతలతో సహా రాసేవాణ్ణి. "మొన ఇంకా పదునుగా ఉన్నది", "ఒకే పోటుకు చాలును" వంటి వ్యాఖ్యలు కూడా చేర్చేవాణ్ణి. ఆ వ్యాఖ్యలే తర్వాత నా కొంప ముంచాయి.

ఊరూరా లాఠీలు తిరుగుతున్న ఆ సంవత్సరంలో ఒక కుర్రవాడు సైకిలు మీద వచ్చి "మీ ఇంట్ల తల్వార్లు గిట్ల ఏమన్న ఉన్నయా?" అని అడిగితే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. కొందరు మొహం మీదే తలుపు వేశారు. చేవెళ్ళలో ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, "ఎవర్ని నరుకుదామనుకుంటున్నవ్ కొడుకా? కోపముంటే నాకు చెప్పు, మాట్లాడి తెంపుదాం" అని బతిమాలాడు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు దారి తప్పిన యువకుల కోసం ప్రార్థన చేస్తూ కళ్ళు తెరిచి మా బెంచీ వైపే చూశారు. అయినా వెనక్కి తగ్గలేదు. నా రెండు టెర్లిన్ చొక్కాలు, ఒక ప్యాంటు, గొడుగు, చివరికి ట్రంకుపెట్టె కూడా ఇచ్చి, బదులుగా పదకొండు వస్తువులు సంపాదించి మంచం కింద దాచాను. కాకతీయుల బరిసెలు మూడు, యుద్ధపు గొడ్డళ్ళు రెండు, ఏనుగు అంకుశం ఒకటి, గుప్పిటితో పొడిచే కటారు ఒకటి, బాకులు నాలుగు. "ఇంట్ల మనుషులకంటే ఇనుమెక్కువైంది" అని అమ్మ గొణిగేది. లేనిదల్లా ఒక్క తల్వారు. తల్వారు లేని ఆయుధాగారం పెళ్ళికూతురు లేని పెళ్ళిపందిరి కదా!

అది మొయినాబాద్ దాటాక వచ్చే పల్లె హిమాయత్‌నగర్‌లో దొరికింది. ఒక అవ్వ ఇంట్లో, తలుపుకు అడ్డగడియగా. గోడకు కొట్టిన రెండు ఇనుప కొక్కేల మధ్య జానెడు పిడితో, వంపు తిరిగిన తల్వారు హాయిగా పడుకుని ఉంది. "అవ్వా, ఇది నాకిస్తవా?" అన్నాను. "ఇస్త. మరి తలుపుకు నిన్ను అడ్డం పెట్టాల్నా?" అంది. ఆమె భర్త చనిపోయి చాలా ఏళ్ళయింది. కూతురు చేవెళ్ళలో కాపురం ఉంది. అవ్వ ఒక్కతే, రెండు మేకలతో. నేను వారానికి మూడుసార్లు వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టేది. నేను రొట్టె తింటూ తల్వారు వైపు, ఆమె మేకకు ఆకు వేస్తూ నా వైపు చూసేవాళ్ళం. నెల తిరిగేసరికి నేను వడ్లాయన దగ్గర తుమ్మ కర్రతో ఒక గడియ చేయించి పట్టుకెళ్ళాను. అవ్వ దాన్ని తలుపుకు పెట్టి చూసింది, తీసింది, మళ్ళీ పెట్టింది. చివరికి తల్వారు తీసి నా చేతుల్లో పెట్టి, "మూడు దినాలు. చూసుకోని మల్ల తెచ్చియ్యి. మాట తప్పకు బిడ్డా" అంది. తప్పనన్నాను. బయటికి వచ్చి నోటుబుక్కు తీసి చూస్తే తుప్పు మచ్చుకైనా లేదు. వారంవారం ఆముదం రాసి తుడిచేదట. నా పద్ధతి ప్రకారం ఇంకేముంది? "కొత్తది. బహుశా ఇరవై ఏండ్లు" అని కొంచెం నిరాశగా రాసుకున్నాను.

గోనెసంచి చుట్టి సైకిలు కడ్డీకి కట్టి, పిడి ఒకవైపు, మొన ఒకవైపు పొడుచుకుని కనిపిస్తుండగా ఈల వేసుకుంటూ మొయినాబాద్ చేరాను. ఆ పొద్దున ఎవరో బస్సు మీద రాళ్ళు వేశారట. రోడ్డుకు అడ్డంగా పోలీసులు. నేను సరిగ్గా వాళ్ళ మధ్యలోకి వెళ్ళి, వినయంగా బెల్లు కొట్టాను.

ఠాణాలో ఎస్సై మంచివాడే, రెండు రోజులుగా నిద్ర లేనివాడిలా ఉన్నాడు. "ఇట్లాంటివి ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. భయపడాల్సిన చోట నాకు గర్వం పొంగింది. "పదకొండు ఉన్నయి సార్! అన్నీ దీనికన్న పాతవే" అని నోటుబుక్కు కూడా తీసి చేతికిచ్చాను. ఆయన పేజీలు తిప్పి, "ఒకే పోటుకు చాలును" అని పైకి చదివి, నా మొహంలోకి చాలాసేపు చూశాడు. గంటన్నరలో జీపు ఆలూరు వెళ్ళి వచ్చింది. గోనెసంచిలో పదకొండు వస్తువులు, వెనక సీట్లో మా బాపు. బాపు ముందుగా నా కాళ్ళ వైపు చూశాడు. చెప్పులున్నాయి. అదొక్కటే ఆయనకు ఊరట.

వాటి సంగతి తేల్చమని ఎస్సై ఒక ముసలి జమేదారును పిలిచాడు. నిజాం జమానాలో కొలువు మొదలుపెట్టి, పింఛనుకు దగ్గరపడిన తెల్లమీసాల మనిషి. ఠాణా ముందు నేల మీద అన్నీ వరసగా పరిచి గొంతుక్కూర్చున్నాడు. "ఇది ఏమని రాసినవ్ బేటా?" "కాకతీయుల బరిసె, తాత." "మూడు?" "మూడు." "మూడూ ఒక్క అచ్చు మీద పోసినట్టున్నయి, చూసినవా? దొరల గడీ గేటుకు ఊచలుంటయి గదా, వాటి కొసలు ఇవి. కాకతీయులు గేటు పెట్టుకున్నరంటే నేను ఒప్పుకుంట." యుద్ధపు గొడ్డళ్ళు రెండూ కట్టెలు కొట్టేవి, పిడి ఊడినవి. గుప్పిటి కటారు తోలు కోసే కత్తి. బాకుల్లో రెండు ఈత చెట్లు గీసేవి, ఒకటి తమలపాకుల దుకాణానిది, నాలుగోది మా అమ్మ ఏడాది నుంచి వెదుకుతున్న కూరగాయల కత్తి. (అదెట్లా అందులో కలిసిందో నాకిప్పటికీ తెలియదు. దానికి నేను నూటయాభై ఏళ్ళు వేశాను.) ఏనుగు అంకుశాన్ని జమేదారు రెండు వేళ్ళతో పైకెత్తగానే, పక్కనే నిలబడిన బాపు ఉండబట్టలేక, "సాబ్, అది బాయిల పడ్డ బొక్కెన తీసే కొక్కెం. మా పాలోళ్ళది, మా చిన్నాయన ఇంటోళ్ళది. పోయిందని మొన్ననే ఒర్లుతున్రు" అన్నాడు. ఎస్సై మొహం తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

"తుప్పు వయసు చెప్పది బేటా" అన్నాడు జమేదారు, నా మొహం చూసి జాలిపడి. "నూనె రాయనోని బద్ధకం చెప్తది, గంతే." అని అవ్వ తల్వారు అందుకున్నాడు. చేతి మీద తూచాడు. పిడి దగ్గర అలుగు ఎంత వెడల్పుందో, నడుమ నూరి నూరి ఎంత అరిగిందో వేలితో తడిమాడు. ఎదురుగా చాయ్ హోటలు నుంచి ఒక నిమ్మకాయ తెప్పించి, సగానికి కోసి, అలుగు మీద జానెడు మేర రుద్ది, ఎండకు వంచి, "చూడు" అన్నాడు మెల్లగా. నల్లటి ఉక్కులో నీళ్ళు కదిలినట్టు సన్నటి గీతలు, అలల మీద అలలు. "దీన్ని జౌహర్ అంటరు. అసలైన పాత ఉక్కుకే ఉంటది. రెండు వందల ఏండ్లకు తక్కువ లేదు. నువ్వేమని రాసినవ్?" నేను తల దించుకుని, "ఇరవై" అన్నాను.

అప్పుడు నాకు భయం పట్టుకుంది. నా కోసం కాదు. అది ఆయుధమని కాగితం మీద ఎక్కితే పట్నానికి పోతుంది, మళ్ళీ రాదు. మూడు దినాల్లో తెస్తానని నేను మాటిచ్చి వచ్చాను. జమేదారుకు ఏదో చెప్పబోయేంతలో, పాలు పోసే ఆయన వల్ల కబురు తెలిసి, అవ్వ అంత దూరం నడిచి ఠాణాలో అడుగుపెట్టింది. ఎవరికీ దండం పెట్టలేదు. సూటిగా ఎస్సై దగ్గరికి వెళ్ళి, "నా తలుపు గడియ ఏది సారూ? పిలగానికి చూసుకోమని ఇచ్చిన. వాణ్ని పట్టుకుంటే పట్టుకోండ్రి, నా గడియ నాకియ్యిండ్రి" అంది.

"గడియా?" అన్నాడు ఎస్సై. "జమేదారూ, ఇది తల్వారా, గడియా?"

జమేదారు లేచి నిలబడ్డాడు. అవ్వ వైపు చూశాడు. ఆమె చెమట తుడుచుకుంటూ ఆయన చేతిలోని పిడి వైపే చూస్తోంది. "గడియ, సార్" అన్నాడు. "వంకర పోయిన పాత ఇనుము."

"మరి గడియకు నిమ్మకాయ ఎందుకు రుద్దావు?"

"తుప్పు ఉన్నదేమోనని, సార్. లేదు."

ఎస్సై ఆ నిమ్మచెక్క వైపు, ఆ అలల వైపు కాసేపు చూసి, నా నోటుబుక్కు మూసి బాపు చేతికిచ్చాడు. "ఇవన్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేయమనండి. ఈ పుస్తకం పొయ్యిలో పెట్టండి" అని లోపలికి వెళ్ళిపోయాడు.

సైకిలు నడిపించుకుంటూ అవ్వతో హిమాయత్‌నగర్ దాకా వెళ్ళాను. తోవలో క్షమించమన్నాను. ఆమె వినలేదు, వేరే ఏదో చెప్పింది. ఆమె భర్త ఒక జాగీర్దారు ఇంటి ముందు ముప్ఫై ఏళ్ళు ఆ తల్వారుతో పహరా కాశాడట. ఒక్కసారి కూడా దూయలేదట. "కోడిని గూడ కోయలేదు బిడ్డా, గంత మెత్తటి మనిషి. పిడి చూడు, చెయ్యి పట్టి పట్టి ఎట్ల గుంట పడ్డదో. దీపాలు పెట్టే యాల్లకు గడియ పెట్టినప్పుడల్లా నా చెయ్యి ఆ గుంటల పడ్తది. దొంగలకు భయపడి కాదు నేను పెట్టేది" అంది. నేను పిడి చూశాను. నెలరోజులు రొట్టెలు తింటూ చూసినా నాకు ఆ గుంట కనబడలేదు. కొలతలు రాసుకున్నాను కూడా.

తర్వాత పదిహేను రోజులు ఊరూరా తిరిగి అన్నీ వాపసు ఇచ్చాను. నా టెర్లిన్ చొక్కాలు మాత్రం రెండేళ్ళ దాకా చేవెళ్ళ అంగట్లో నాకు ఎదురుపడుతూనే ఉండేవి. కాలేజీ తెరిచారు, చదువులో ఏడాది పోయింది, స్నేహితుడు జైలు నుంచి వచ్చాడు. సెలవు దినాల్లో నేను జమేదారు తాత దగ్గర కూర్చుని పిడి, అలుగు, ఒర చూడటం నేర్చుకున్నాను. ఆయన దగ్గర నేర్చిందే నాకు జీవితాంతం అక్కరకొచ్చింది.

ఇప్పుడు పిల్లలు ఫోన్లో పాత కత్తుల ఫొటోలు తెచ్చి, "అంకుల్, ఇది ఎన్నేండ్లది?" అని అడుగుతారు. నేను ముందు, ఎవరింట్లోది, దాన్ని ఎవరు పట్టుకునేవారు, ఇప్పుడు దేనికి వాడుతున్నారు అని అడుగుతాను. మొన్న ఒకడు విసుగుపడి, బయటికి వెళ్తూ, "అంకుల్‌కు వయసైంది, అడిగింది ఒకటి చెప్పేది ఒకటి" అన్నాడు. వినబడింది. కోపం రాలేదు. పందొమ్మిదేళ్ళప్పుడు నా ఎదుట ఇట్లాంటి ముసలాయన కూర్చుని ఉంటే, నేనూ ఆ మాటే అని, ఇంకా గట్టిగా బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయేవాణ్ణి.