బిడ్డకు వినపడేంత గొంతు

సహోదరీ సహోదరులారా, ఒకప్పుడు మైకు లేకపోయినా మూడు వీధుల అవతలికి వినపడిన నా గొంతు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు పైన ఉన్న ఒక చిన్న స్టూడియో గదిలో, పాట సగంలో ఉండగా ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, ఊపిరి వస్తూనే ఉంది, పాట మాత్రం రావడం లేదు. అద్దం అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న నా భర్త యేసోబు, వైరు ఊడిందేమోనని మైకు కేసి చూస్తున్నాడు. వైరు బాగానే ఉంది. పాడైంది నా గొంతు. ఆ చీకటి రోజులు తలుచుకుంటే ఈనాటికీ నాకు దుఃఖం ఆగదు, కానీ ప్రభువు చేసిన మేలు కడుపులో దాచుకోకూడదు కనుక, సిగ్గు విడిచి అంతా రాస్తున్నాను.

నా పేరు సలోమి. మాది నూజెండ్ల దగ్గర ఒక పల్లె. సండేస్కూల్లో పాటంటే నన్నే ముందు నిలబెట్టేవారు. పెళ్లయి నరసరావుపేట వచ్చాను. యేసోబు పెళ్లిళ్లలో, తిరునాళ్ల ప్రోగ్రాముల్లో డ్రమ్ ప్యాడ్స్ వాయించేవాడు. ఇద్దరం కలిసి సొంత పాటలు చేసి యూట్యూబులో పెట్టడం మొదలుపెట్టాము. మా వెనక కంపెనీ లేదు, నిర్మాత లేడు, పదాలు మావే, బాణీ మాదే, వీడియో తీసింది ఫోనుతోనే. పత్తిచేలో నిలబడి పాడిన ఒక పాట జనానికి తెగ నచ్చింది. ఇక ప్రోగ్రాముల వాళ్లు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. సలోమి అంటే పోస్టరు మీద బాగుండదని ఎవరో అంటే సలోని అయిపోయాను. మా అమ్మా నాన్నా మోకాళ్ల మీద ప్రార్థన చేసి పెట్టుకున్న పేరు సలోమి! మార్చుకోవడానికి నాకు ఒక టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

ఎన్నికలు వచ్చాయంటే మన పల్నాడు సంగతి మీకు నేను చెప్పాలా? పొద్దున ఒక పార్టీకి పాట, సాయంత్రం అదే గదిలో, అదే గొంతుతో ఎదుటి పార్టీకి పాట. ఆ రెండు వర్గాల వాళ్లు సందులో ఎదురుపడితే తలలు పగిలేవి, వాళ్ల ప్రచారం ఆటోల్లో మాత్రం నేనొక్కదాన్నే ఇద్దరినీ పొగుడుతూ ఊరంతా తిరిగేదాన్ని. అది తలుచుకుని యేసోబు, నేను పడీ పడీ నవ్వుకునేవాళ్లం.

మా పనిలో గొంతు దాచుకోవడం అని ఒక పద్ధతి ఉంది. మే నెల ఎండలోనూ మెడకు మఫ్లరు, వేడినీళ్లు తప్ప చల్లటిది ముట్టకపోవడం, పెరుగు మానేయడం, ఇంట్లో గట్టిగా మాట్లాడకపోవడం. ఇంట్లో పాడటం సంగతి సరే సరి. అలాంటి రోజుల్లో దేవుడు నాకు బ్లెస్సీని ఇచ్చాడు. సహోదరులారా, ఈ మాట రాయడానికి నా చెయ్యి రావడం లేదు, నా బిడ్డకు నేను ఒక్క జోలపాట పాడలేదు! మాచర్ల విన్నది, గురజాల విన్నది, ఎవరెవరో తాగి ఊగుతూ విన్నారు, నా కడుపున పుట్టిన బిడ్డ మాత్రం నా పాట వినలేదు. ఏడిస్తే తీసుకెళ్లి అత్తమ్మ ఒళ్లో పెట్టి, నా గొంతు చూపించి, సాయంత్రం ప్రోగ్రాము ఉందని సైగ చేసి వచ్చేదాన్ని.

మా అత్తమ్మ సువార్తమ్మ. మిరపకోతలకు పోయి పిల్లల్ని పెంచుకున్న మనిషి, అక్షరం రాదు, శ్రుతి అంతకన్నా రాదు. ఒకే ఒక్క పాట పాడేది, అదీ ఎవరో రాసింది కాదు, తనే కట్టుకున్నది.

"పడుకున్న కాడ నువ్వుండు యేసయ్యా,
లేచేటి పొద్దుకు నువ్వుండు యేసయ్యా."

రెండో వరుసకు వచ్చేసరికి రాగం జారి ఎటో పక్కకు పోయేది. యేసోబు నా వైపు చూసి కన్ను కొట్టేవాడు, నేను వెళ్లి గది తలుపు వేసుకునేదాన్ని. ఆ అపశ్రుతి చెవిలో పడితే సాయంత్రం స్టేజీ మీద నా శ్రుతి చెడుతుందని నా భయం. ఎంత గర్వమో చూడండి! నా బిడ్డ కోసం దేవుణ్ణి పిలిచే పాటకు నేను తలుపు వేశాను.

ఆమె నన్ను ఎప్పుడూ ఏమీ అడిగేది కాదు, ఆదివారం మందిరంలో ఒక పాట పాడమని తప్ప. "ఏమే సలోమీ, ఊరందరికీ పాడతావు, దేవుడి కాడ ఒక్క పాట పాడితే నీ గొంతేమన్నా అరిగిపోద్దా ఏంది?" అనేది. గొంతు అలిసిపోయింది అత్తమ్మా, వచ్చే వారం పాడతాను అనేదాన్ని. ఆ వచ్చే వారం వస్తూనే ఉండేది, పోతూనే ఉండేది, ఆమె మాత్రం ప్రతి ఆదివారం ముందు వరసలో చాప మీద చోటు పట్టి, పాడటానికి లేస్తానేమోనని వెనక్కి తిరిగి నా వైపు చూసేది. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఒకసారి తిరునాళ్ల ముందు గొంతు బొంగురు పోతే, నాతో పాడే ఒకామె ఒక ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మధ్యాహ్నం సూది వేశాడు, సాయంత్రానికి గొంతు విచ్చుకుంది. అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఇక అదే అలవాటు. మొదట్లో గొంతు బాగోలేనప్పుడు వేయించుకునేదాన్ని, పోను పోను బాగున్నా భయంతో వేయించుకున్నాను, ఆ తర్వాత సూది పడనిదే మైకు పట్టుకునేదాన్నే కాదు. ప్రార్థన చేసుకుని స్టేజీ ఎక్కే పిల్లను, సూది వేయించుకుని ఎక్కేదాన్ని అయ్యాను. మా బృందంలో తాగేవాళ్లను చూసి అసహ్యించుకునేదాన్ని, నా బానిసత్వం నాకు కనపడలేదు. "ఆ సూదులెందుకే, నాకెందుకో బయంగా ఉంది" అని అత్తమ్మ అంటే, మీకేం తెలుసు ఊరుకోండి అని కసిరాను.

ఇక ఆ మధ్యాహ్నం. ఎన్నికల రోజులు. చప్పుడు రికార్డులో పడుతుందని ఫ్యాను ఆపేశారు, గోడలకు అంటించిన కోడిగుడ్ల అట్టల మధ్య ఉడికిపోతున్నాను. పొద్దున్నే సూది పడింది కనుక గొంతు ఎంత వాచిందో నాకే తెలియదు. పల్లవిలో ఒక నాయకుడి పేరు ఎంత వీలైతే అంత పైకి ఎత్తుకోవాలి. ఇంకాస్త పైకి, ఇంకాస్త పైకి అంటున్నారు పార్టీ వాళ్లు. ఆ పేరు సగం పలికాను, మిగతా సగం రాలేదు. సహోదరులారా, ఉన్న బలమంతా పెట్టి నేను పిలిచిన ఆఖరి పేరు, నేనెవరో కూడా తెలియని ఒక మనిషిది. నన్ను పుట్టించినవాడి పేరు అంత ఎత్తున ఒక్కసారైనా పిలవలేదే అని ఆ తర్వాత ఎంత ఏడ్చానో ఆయనకే తెలుసు.

గుంటూరులో పెద్ద డాక్టరు గొంతులోకి కెమెరా పెట్టి చూశారు. లోపల రక్తం కారి గడ్డకట్టిందట. ఆ సూది నా గొంతును బాగు చేయలేదని, నొప్పి తెలియకుండా చేసిందని, దెబ్బ మీద దెబ్బ వేసుకుంటూ పోయానని చెప్పారు. చిన్న ఆపరేషను చేశారు. మానడానికి నెలలు పట్టవచ్చు, నేను చెప్పేదాకా గుసగుస కూడా వద్దు అన్నారు. ఇంటికి వచ్చి బ్లెస్సీ పలక ఒకటి తీసుకున్నాను, అదే నా నోరు. కొన్నాళ్లకే, సగంలో ఆగిన ఆ పాట ఇంకొక అమ్మాయి గొంతుతో ఆటో మీద మా సందులోనే తిరిగింది. ఫోను మోగడం మానేసింది. యేసోబు ఒక్కడే ప్యాడ్స్ సంచి భుజాన వేసుకుని వెళ్లేవాడు, నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

నేనూ ప్రార్థన చేశాను, చేయలేదని అనను. "ప్రభువా, నా గొంతు నాకియ్యి, ఎలా ఉండేదో అలాగే ఇయ్యి, అంతే ఎత్తున ఇయ్యి, నన్ను కాదన్న వాళ్లందరూ వినాలి" అని లోపల్లోపల అరిచాను. అది ప్రార్థనా, పంతమా? అత్తమ్మ మాత్రం రోజూ పొయ్యి వెలిగించే ముందు నా మెడ మీద ఆ గరుకు చెయ్యి పెట్టి ఇలా అడిగేది. "ప్రభువా, ఈ పిల్లకి గొంతియ్యి తండ్రీ. మునుపటంత పెద్దది కాకపోయినా పర్లా. బిడ్డకి ఇనపడేంత ఇస్తే చాలు తండ్రీ."

నాకు ఒళ్లు మండింది. అడిగేదేదో పూర్తిగా అడగవచ్చు కదా! పలక మీద, కొంచెమే ఎందుకు అడుగుతారు అని కోపంగా రాసి ఆమె ముందు పెట్టాను. చదువు రాదుగా, దేవుడి మాట ఏదో రాశాననుకుని, పలకకు దణ్ణం పెట్టి నవ్వింది. ఆ నవ్వు చూశాక పలక తుడిచేశాను.

నోరు మూతపడ్డ ఆ నెలల్లోనే, తలుపు వేసుకునే అవసరం లేక, అత్తమ్మ పాట మొదటిసారి మొదటి నుంచి చివరిదాకా విన్నాను. అందులో బ్లెస్సీ పేరు ఉంది, యేసోబు పేరు ఉంది, నా పేరూ ఉంది. సలోని అని కాదు, సలోమి అని. నేను తలుపు వేసుకున్న ఇన్నేళ్లూ ఆమె నన్ను నా అసలు పేరుతో దేవుడికి అప్పజెబుతూనే ఉంది.

వానలు పడేనాటికి అత్తమ్మకు జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పాకింది. ఆసుపత్రిలో ఆమె పక్కన కూర్చున్నాను. ఒక సాయంత్రం కళ్లు తెరిచి, "సలోమీ, ఒక్క పాట పాడమ్మా" అన్నది. నేను గొంతు మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆమె అది చూసి, "అయ్యో, మర్చిపోయానే తల్లీ, నీకు గొంతు లేదుగా. ఉండులే, నేనే పాడతా" అని, ఊపిరి అందక ఆగుతూ ఆగుతూ నాకు పాడింది. రెండో వరుస ఎప్పటిలాగే జారింది. మర్నాడు పొద్దున ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

సమాధి దగ్గర సంఘమంతా పాడుతుంటే ఊరూరా పాడిన సలోనిని, నేను మాత్రం ఉత్త పెదవులు కదిలిస్తూ నిలబడ్డాను. గొంతు ఉన్నన్నాళ్లూ ఆమె అడిగితే పాడలేదు, పాడాలని గుండె పగిలిపోతుంటే గొంతు లేదు. అప్పుడు, ఆ బురదలో మోకరించి, "ప్రభువా, నా పంతం నువ్వు తీసేసుకో, ఆమె అడిగిందే ఇయ్యి, నాకు అది చాలు" అన్నాను. నా జీవితంలో నేను చేసిన మొదటి నిజమైన ప్రార్థన అదే.

దేవుడు విన్నాడు. డాక్టరు మాట్లాడమన్న రోజున గొంతు వచ్చింది, కానీ ఎలాంటి గొంతు! కిందికి దిగిపోయి, కాస్త గీరుకుపోయి, పక్కగదిలోకి వెళ్తే వినపడనంత చిన్నది. ఒక ప్రోగ్రాము పెద్దమనిషి వచ్చి, ఒక్క సూది పడితే మునుపటిలా ఎత్తుకుంటావమ్మా అన్నాడు. దాచడం ఎందుకు, వెళ్లాను. ఆర్ఎంపీ గది బయట బెంచీ మీద కూర్చున్నాను కూడా. నా మెడ మీద ఆ గరుకు చెయ్యి ఉన్నట్టే అనిపించింది. "యేసయ్యా, నన్ను లేపు" అన్నాను. లేచాను. తిరిగి చూడకుండా ఇంటికి నడిచాను, ఆ రోజు నుంచి ఆ సూది మీద ఆశే పోయింది. ఇది నా బలం కాదు, ముమ్మాటికీ కాదు!

ఆ సాయంత్రమే బ్లెస్సీని ఒళ్లో పడుకోబెట్టుకుని, భయం భయంగా అత్తమ్మ పాట ఎత్తుకున్నాను. పాటగత్తెను కదా, రెండో వరుస జారకుండా శ్రుతిలో నిలిపి చక్కగా పాడాను. బిడ్డ లేచి కూర్చుంది.

"అట్ట కాదమ్మా. నాయనమ్మ అట్ట పాడదు. ఆడ కిందికి పోవాల."

నేను మళ్లీ పాడాను. మళ్లీ కాదంది. చివరికి నా బిడ్డే నాకు నేర్పింది, ఎక్కడ జారాలో, ఎంత జారాలో. సరిగ్గా అత్తమ్మ జారిన చోట జారగానే, నా మెడ చుట్టూ చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. ఏడుస్తూనే పాట పూర్తి చేశాను. నా గొంతు ఆ ఒళ్లో ఉన్న బిడ్డ దాకా వినపడింది, అంతకన్నా ఒక్క అడుగు కూడా ముందుకు పోలేదు. అత్తమ్మ అడిగింది దేవుడు కొలిచినట్టు ఇచ్చాడు, స్తోత్రం!

ఇప్పుడు ఆదివారాలు మందిరంలో పాడుతున్నాను. వెనక ఉన్నవాళ్లకు వినపడదని పాస్టరు అయ్యగారు మైకు సౌండు పెంచుతారు. ముందు వరసలో ఆ చాప మీద ఎవరో ఒకరు కూర్చుంటారు, ఆమె మాత్రం ఉండదు. ఆ లోటు తీరుతుందని మీకు నేను అబద్ధం చెప్పను, నన్ను క్షమించిన దేవుడు ఆ లోటుతోనే నన్ను నడిపిస్తున్నాడు. ప్రియులారా, మీరు ఏ బంధకంలో ఉన్నా, ఎంత నోరు మూతపడిపోయి ఉన్నా, ఆయనను నమ్మండి, శబ్దం లేని ప్రార్థన కూడా ఆయనకు వినపడుతుంది. మీ ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని ఒక పాట అడిగి ఉంటే, వచ్చే వారం అనకండి, ఇవాళే పాడండి.

మా ఇంట్లో రోజూ పొద్దుగూకాక ఆ పాట వినపడుతుంది. రెండో వరుసలో తప్పు పోతున్నావని యేసోబు ఇప్పుడు నవ్వడు, అమ్మ లాగే పాడుతున్నావు అంటాడు. దేవునికే మహిమ.